లడ్డూ ఎలా ఎగిరింది?

నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, నిలబడ్డవాళ్లు వచ్చి కూర్చోండి, నేనేమీ ప్రశ్నలు అడగను.

పోయిన సంక్రాంతికి మా మేనల్లుడికి, పదమూడేళ్లవాడికి, 'మాయాబజార్' చూపించాను. తెర మీద ఎస్వీ రంగారావు, మాధవపెద్ది సత్యం గొంతులో 'వివాహ భోజనంబు', లడ్డూలు వాటంతట అవే లేచి ఘటోత్కచుడి నోట్లోకి వెళ్తున్నాయి. నేను సినిమా వదిలేసి వాడి మొహం చూస్తున్నా. వాడు తొణక్కుండా "మామయ్యా, లడ్డూ నోట్లోంచి కింద పడేసి రివర్స్‌లో తిప్పారు, అంతే కదా! నేనూ ఫోన్‌లో చేస్తా" అన్నాడు. అయ్యుండొచ్చురా అన్నాను. ఇంకేమంటాను? 1957లో హాలంతా నోరు తెరుచుకుని చూసిన తమాషా వాడికి పది సెకన్ల పని.

మరి సినిమా చెడిపోయిందా అంటే, వాడు పాట అయ్యేదాకా కదల్లేదు. అక్కడే నాకు ఈ ప్రసంగం పుట్టింది.

మీలో సురభి నాటకాలు చూసినవాళ్లు ఉండే ఉంటారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ కుటుంబాల వాళ్లు ఇప్పటికీ స్టేజి మీద 'మాయాబజార్' ఆడుతున్నారు. అక్కడ లడ్డూ తీగ మీద వస్తుంది. కాస్త ముందు కూర్చుంటే తీగ కనిపిస్తుంది కూడా. అయినా లడ్డూ సరిగ్గా తాళానికి నోట్లో పడగానే ఈలలే ఈలలు. తోలుబొమ్మలాటలో హనుమంతుడి వెనక కర్ర కనిపిస్తోందని మన తాతలు లేచి వెళ్లిపోయారా? కిటుకు తెలిసిపోయినంత మాత్రాన సరదా పోదండీ. కిటుకు తప్ప అక్కడ చూడ్డానికి ఇంకేమీ లేకపోతే మాత్రం పోతుంది.

అదే సినిమాలో ఘటోత్కచుడు శశిరేఖగా మారతాడు కదా. రంగారావు మాయమై సావిత్రి ప్రత్యక్షమవుతుంది, కెమెరా చేసిన పని అక్కడితో సరి, ఈ రోజుల్లో పెళ్లి వీడియోలు తీసేవాళ్లు అంతకన్నా ఎక్కువ చేస్తారు. అసలు మాయ ఆ తర్వాత మొదలవుతుంది. ఆ భుజాలు, ఆ అడుగులు, చుట్టూ ఎవరూ లేరనుకోగానే బయటపడే రాక్షసుడి దర్జా, ఎవరైనా వస్తే మళ్లీ ముడుచుకునే సిగ్గు. 'అహ నా పెళ్లియంట'లో సుశీల గొంతూ ఘంటసాల గొంతూ ఒకే మనిషిలోంచి వస్తుంటే మనకు ఎక్కడా అనుమానం రాదు. పెళ్లిపీటల మీద రేలంగి పాదం మీద ఆ 'సుకుమారి' కాలు వేసినప్పుడు మన కాలు వెనక్కి లాక్కుంటాం. దీనికి ఏ సాఫ్ట్‌వేర్ వాడారో చెప్పండి.

బయటి దేశాల సినిమాలదీ ఇదే తీరు. 1933 'కింగ్ కాంగ్'లో ఆ కొండంత కోతి నిజానికి దాదాపు 18 అంగుళాల బొమ్మ. విల్లిస్ ఓబ్రయన్ బృందం దాన్ని ఫ్రేముకింత చొప్పున కదిలిస్తూ తీసింది, అంటే తెరమీద ఒక సెకనుకి 24 ఫ్రేములు. ఒంటికి అతికించింది కుందేలు బొచ్చు, పట్టుకుని జరిపినప్పుడల్లా వేళ్లకు చెదిరిపోయేది, అందుకే కాంగ్ బొచ్చు ఎప్పుడూ అల్లల్లాడుతూ ఉంటుంది. పొరపాటే. కానీ చూస్తుంటే దానికి కోపంతో ఒళ్లు జలదరిస్తున్నట్టుంటుంది! 1993 'జురాసిక్ పార్క్' రెండు గంటల పైచిలుకు సినిమా, డైనోసార్లు కనిపించేది ఇంచుమించు పావుగంట. నాకు గుండె జారింది మాత్రం గ్లాసులో నీళ్లు వలయాలుగా వణికినప్పుడు. కారు డ్యాష్‌బోర్డు కింద గిటార్ తీగ బిగించి మీటారు, అంతే.

పాతవన్నీ ముద్దొస్తాయని నేను అనడం లేదు. కంప్యూటర్ కొత్తగా చేతికొచ్చిన రోజుల్లో మన భక్తి సినిమాల్లో పాకిన కొన్ని పాముల్ని చూస్తే ఇప్పటికీ నాకు నవ్వాగదు. 1957 నాటి బొమ్మ ఇళ్ల ద్వారక నవ్వు తెప్పించదు, ముప్పై ఏళ్లు కూడా నిండని పాము తెప్పిస్తుంది, ఎందుకని? బొమ్మ ఇల్లు చిన్నదే అయినా దాని మీద నిజం దీపం వెలుతురు పడింది, నీడ ఉంది. ఆ పాముకి బరువు లేదు, నేల మీద నీడ లేదు, పైగా దర్శకుడు కథ ఆపేసి మరీ 'చూడండి మా గ్రాఫిక్స్' అని దాన్ని మన మొహం మీదికి తెచ్చాడు. అలాంటివి చెడగొడతాయి, ఒప్పుకుంటాను.

ఇంకో సంగతి. 'మాయాబజార్' ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే వెలుతురు అమర్చుకున్నది ప్రింటు కోసం, హాల్లో తెర కోసం. మనం ఆ రీలుని కడిగి, తోమి, 55 అంగుళాల టీవీలో మూడడుగుల దూరంలో కూర్చుని చూస్తూ, విగ్గు అతుకు కనిపిస్తోందంటాం. 2010లో రంగులు కూడా వేశారు. ఎంత కష్టపడ్డారో తెలుసు గానీ, 'లాహిరి లాహిరి'లో వెన్నెల నాకు ఆ నలుపు తెలుపుల్లోనే చల్లగా ఉంటుంది. ఇది నా పట్టుదల, మీరు ఒప్పుకోనక్కర్లేదు.

అన్నట్టు, మా వాడి సంగతి సగంలో వదిలేశాను. సినిమా అయ్యాక లడ్డూల మాట ఎత్తలేదు. "రెండు శశిరేఖలూ ఒక్కావిడేనా?" అని అడిగాడు. అవునన్నాను. నమ్మలేదు, వెనక్కి జరిపి మళ్లీ చూశాడు. ఇప్పుడు ఆ 'అహ నా పెళ్లియంట' పాటే వేస్తున్నా, ఆ ట్యూబులైటు ఎవరైనా ఆపండి.