రికాబు మీద వెండి తీగ

శ్రోతలకు నమస్కారం. గుర్రమెక్కినవారు పాదం మోపే ఇనుప సాధనాన్ని మనం రికాబు అంటాం. అరబ్బీ నుంచి వచ్చిన మాట. మొరాకోలో ఈనాటికీ దాన్ని ర్కాబ్ అనే పిలుస్తారు. ఎక్కడి గోదావరి, ఎక్కడి అట్లాస్ కొండలు! మాట మాత్రం ఒక్కటే.

ఆ కొండల బెర్బర్లు తమను తాము అమాజిగ్‌లమని చెప్పుకుంటారు. వారి పాత జీనులు ముందూ వెనుకా ఎత్తుగా ఉంటాయి. లోపల కొయ్య చట్రం, దానిమీద బిగించిన పచ్చితోలు, గుర్రం వీపు ఒరుసుకోకుండా కింద ఒత్తిన ఉన్ని పొరలు. పైన కప్పే గుడ్డ మీద వెండి, బంగారు జరీ. అవన్నీ అందమైనవే. కానీ నా మనసంతా రికాబు మీదే.

ఆ రికాబు సన్నని కడియంలా ఉండదు. అడుగున వెడల్పాటి ఇనుప పలక, పక్కలకు లేచిన రెండు రేకులు. మెత్తని తోలు జోడు తొడిగిన పాదం మొత్తం అందులో పడుతుంది. పలక మూలలే గుర్రాన్ని అదిలించే ములుకులు. ‘త్బూరిదా’ విన్యాసంలో రౌతులంతా ఒకే వరుసలో దౌడు తీస్తారు. చివర రికాబుల మీద లేచి నిలబడి, అందరూ ఒక్కసారిగా తుపాకులు పేలుస్తారు. గుర్రం పరుగెడుతూనే ఉంటుంది, మనిషి నిలబడే ఉంటాడు. ఆ నిలబడడమంతా ఈ ఇనుప పలక చలవే. 2021లో యునెస్కో ఈ విన్యాసాన్ని వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు నాకెంతో సంతోషం కలిగింది.

ఇక ఆ రేకుల మీది వెండి. మన బిద్రీ పనిలో చెక్కిన గాడిలో వెండి కూర్చుంటుంది. ఇక్కడ అంత లోతు లేదు. ఇనుము మీద అడ్డంగా, నిలువుగా సన్నని గీతలు గీసి, ఆ గరుకు మీద వెండి తీగ పరచి సుత్తితో కొడతారు. ఆ గీతల గరుకే దాని పట్టు.

అందుకే ఒక్క మాట. ఇలాంటి పాత వస్తువు మీ చేతికి వస్తే, తుప్పు వదిలించాలని గరుకు కాగితంతో రుద్దకండి. చింతపండూ వద్దు. రుద్దకండి, నిజంగా రుద్దకండి. తుప్పుతోపాటు తీగ లేచిపోతుంది. మెత్తని పొడిగుడ్డతో దుమ్ము తుడిచి, తేమ తగలని చోట పెట్టండి. ఆ నల్లదనాన్ని అలాగే ఉండనివ్వండి.