పూరిల్లు అంటుకున్నప్పుడు ఎంతవరకు తెగించాలి?

నమస్కారం. శ్రీకాకుళం తీరంలోని మత్స్యకార గ్రామాల్లో పూరిల్లు అంటుకుంటే ఫైరింజన్ కంటే ముందు చేరేది పక్కింటివాళ్లే. ఈ వీడియో వాళ్ల కోసమే. ఒకరు వెంటనే 101కి ఫోను చేసి ఊరి పేరు, దారి గుర్తులు చెప్పాలి.

మిగిలినవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న: లోపల మనిషి ఉన్నారా? ఉంటే, ప్రాణంతో ఉండే అవకాశం ఉందా? ఉందనుకుంటే తెగించడంలో అర్థం ఉంది. బీరువా కోసం, పాస్‌పుస్తకం కోసం అయితే లేదు. పాస్‌పుస్తకం మళ్లీ తెచ్చుకోవచ్చు.

మూసిన తలుపును అరచేత్తో ముట్టుకోకండి. చేతి వెనకవైపును తలుపు పైభాగానికి దగ్గరగా పెట్టి చూడండి. సెగ తగిలితే తెరవకండి. లోపల గాలి చాలక నివురుగప్పి ఉన్న నిప్పు, తలుపు తీయగానే ఒక్కసారిగా ఎగసి మీ ముఖం మీదికి వస్తుంది. పొగ కమ్మిన ఇంట్లోకి అగ్నిమాపక సిబ్బంది కూడా శ్వాస పరికరం లేకుండా, ఒంటరిగా వెళ్లరు. మీరు కిటికీ వైపు నుంచి మనిషిని బయటికి లాగే వీలుందేమో చూడండి.

ఇంట్లో ఇంకేమున్నాయో ఇంటివాళ్లను అడగండి: గ్యాస్ సిలిండర్, బోటు ఇంజిన్‌కు తెచ్చిన డీజిల్, నైలాన్ వలలు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో, పత్తితో పాటు పేలుడు పదార్థాలు ఉన్న ఓడలో మంటలు ఆర్పుతూ 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఏటా ఆ తేదీన మనం స్మరించుకునేది వాళ్లనే. సిలిండర్‌ను మంట చుట్టుముట్టిందంటే దాని దగ్గరికి ఎవరూ వెళ్లకూడదు. జనాన్ని దూరంగా, పక్కా గోడల చాటుకు పంపండి.

గడ్డివాము అంటుకుంటే దాని మీదికి ఎక్కకండి. పైకి గట్టిగా కనిపించినా లోపల కాలి డొల్లగా ఉంటుంది, కాలు దిగబడిపోతుంది. పశువుల కట్లు విప్పి, వామును వదిలేయండి.

మీ బలమంతా గాలివాలున ఉన్న పక్కింటి మీద పెట్టండి. అందులోవాళ్లను ముందు బయటికి పంపి, నిప్పురవ్వలు పడకముందే పొడవాటి వెదురు దోటితో కింద నిలబడి కప్పు తాటాకులు లాగేయండి, లేదా కప్పును బాగా తడపండి. నన్నడిగితే వరుసగా ఇళ్లున్న వీధిని కాపాడేది ఈ పనే.

ఫైరింజన్ రాగానే ఇంటి విషయం తెలిసిన ఒక్కరే ముందుకు వచ్చి మాట్లాడండి: లోపల ఎవరున్నారు, సిలిండర్ ఏ మూల ఉంది, నీళ్లున్న చెరువు ఎటు. మిగిలినవాళ్లు వీధిలోని బండ్లను పక్కకు తీయండి.