బీరువా వెనక నల్ల మచ్చలు: తుడిచే ముందు నీళ్ల దారి పట్టుకోండి

[తెర మీద: పక్కకు జరిపిన బీరువా, దాని వెనక గోడ]

కార్తీకంలో ముసురు పట్టి, తిరుపతి ఇళ్లలో నాలుగు రోజులు కిటికీలు మూసి ఉంటే చాలు. బీరువా జరిపి చూస్తే గోడ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలు, తడి గోనెసంచి వాసన. అది బూజు, అంటే ఫంగస్. చీపురు జోలికి వెళ్లకండి. పొడిగా దులిపితే బూజు బీజాలు గదంతా లేస్తాయి. ముందు ఫ్యాన్ ఆపండి.

[దగ్గరగా: గోడ మీద స్ప్రే]

నల్లగా కాక తెల్లగా, పొడిలా ఉందా? నీళ్లు చిలకరించండి. కరిగిపోతే అది ఉప్పు, గోడలోని చెమ్మతో పాటు పైకి వచ్చింది. బూజు అలా కరగదు.

ఇప్పుడు అసలు ప్రశ్న: నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? మచ్చ పక్కన శుభ్రంగా ఉన్న చోట గోడ పైతడి తుడిచి, అడుగు చదరం అల్యూమినియం ఫాయిల్ పెట్టి, నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపుతో అంటించండి. రెండు రోజుల తర్వాత చూడండి.

[దగ్గరగా: ఫాయిల్ మీద నీటి బొట్లు]

గది వైపు బొట్లు ఉంటే తేమ గాలిలో ఉంది. వంటింట్లో 14.2 కేజీల సిలిండర్ అయిపోయేసరికి గ్యాస్ మండటం వల్లే 20 లీటర్లకు పైగా నీరు ఆవిరై గాల్లో కలుస్తుంది. అన్నం ఆవిరి, గదిలో ఆరేసిన బట్టలు దానికి అదనం. చిమ్నీయో, ఎగ్జాస్ట్ ఫ్యానో, కనీసం తెరిచిన కిటికీయో ఉండాలి.

గోడ వైపు తడి ఉంటే మిద్దె ఎక్కండి. వాన నీటి పైపు మూతి దగ్గర ఆకులు పేరుకున్నాయా, పిట్టగోడ మొదట్లో పగుళ్లున్నాయా చూడండి. గోడకు అవతల బాత్రూం ఉంటే టైల్స్ సందులు అనుమానించాలి. పైపు మీద అనుమానమైతే రాత్రి మోటారు, కొళాయిలు కట్టేసి ట్యాంకు నీళ్లు కర్రతో కొలవండి. తెల్లారేసరికి తగ్గితే ఎక్కడో కారుతున్నట్టే.

[తెర మీద: ఎన్‌95 మాస్కు, రబ్బరు గ్లవుజులు, కళ్లద్దాలు]

మచ్చ మొత్తం మూడడుగులకు మూడడుగులు దాటకపోతే మీరే తుడుచుకోవచ్చు. అంతకు మించితే, లేదా డ్రైనేజీ నీళ్లు చేరితే, పని తెలిసినవాళ్లను పిలవండి. ఆస్తమా ఉన్నవాళ్లు, చంటిపిల్లలు ఆ పూట ఆ గదిలో ఉండకూడదు. గుడ్డ మాస్కు బీజాలను ఆపదు.

గది తలుపు మూసి, బయటి కిటికీ తెరిచి, మచ్చను సబ్బు నీళ్లతో తడిపాకే రుద్దండి. రంగు వేసిన గోడకు అది చాలు. బ్లీచ్ పోస్తే సిమెంటులోకి మందు సరిగా దిగదు, నీళ్లు మాత్రం దిగుతాయి! టైల్స్‌కైతే లీటరు నీళ్లలో 60 మిల్లీలీటర్ల బ్లీచ్ కలిపి రుద్ది, కడిగేయండి.

ఒక్కటి గట్టిగా చెప్పాలి. బ్లీచ్ వాడిన చోట బాత్రూం యాసిడ్ పోయకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన బాత్రూంలో ఊపిరి ఆడదు. బ్లీచ్ అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో కలిసినా విషవాయువే పుడుతుంది.

బూజు పట్టిన దూది పరుపు, ఫాల్స్ సీలింగ్ ముక్క కవరులో కట్టి పారేయాల్సిందే. లోపలి దాకా పాకిన బూజు ఉతుకుతో పోదు.

[తెర మీద: పొక్కులు లేచిన పుట్టీ]

చెమ్మ ఆరకముందే పెయింట్ వేస్తే ఇదే గతి. లోపలివైపు వాటర్‌ప్రూఫ్ పూత పూసినా అంతే, నీళ్లు వెనకే చిక్కుకుని పుట్టీని తోసేస్తాయి. ముందు మిద్దె పగులు పూడ్చండి. కొత్త ప్లాస్టరింగ్ చేస్తే నాలుగు వారాలు ఆరనివ్వండి. మళ్లీ ఫాయిల్ అంటించి, గోడ వైపు పొడిగా ఉంటేనే పెయింటర్‌ను పిలవండి. బీరువాను ఈసారి గోడకు నాలుగంగుళాల ఎడంగా పెట్టండి.