ముందు మంద, తర్వాతే గొర్రె

అందరికీ నమస్కారమండి. శాలువాలూ పరిచయాలూ తర్వాత చూసుకుందాం, నూనెరంగుల బొమ్మకు నకలు వేయడమే ఇవాళ్టి పాఠం, నేరుగా అందులోకి వెళ్తాను.

“కాపీ కొట్టడం కూడా కళేనా?” అని ప్రతి సభలో ఒకరు అడుగుతారు. చిత్రకారుడు దామెర్ల రామారావు గారి (1897–1925) రాజమండ్రిలోనూ అదే ప్రశ్న! పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం 1793లో తెరిచినప్పటి నుంచీ చిత్రకారుల్ని లోపలికి రానిచ్చి నకళ్లు వేయనిస్తోంది. కాకపోతే అసలు సైజులో వేయకూడదు. ఇంక ఆ సంగతి వదిలేద్దాం.

మనం తీసుకున్నది పారిస్ వాళ్ల పెద్ద చిత్రప్రదర్శన సలోన్‌లో 1864లో ఫ్రెంచి చిత్రకారుడు మిలే పెట్టిన బొమ్మ, మందను కాసే పిల్ల. కొండా గుట్టా లేని నేల, మనకు కొత్త కాదు. అసలుది 81 సెంటీమీటర్ల ఎత్తు, 101 వెడల్పు. షాపులో దొరికే 16×20 అంగుళాల కాన్వాస్ ఎత్తులోనూ వెడల్పులోనూ దానికి ఇంచుమించు సగం. బొమ్మను కొలతగా దించుకోవడానికి దాని మీద రెండంగుళాల గడులు గీస్తే నిలువునా 8, అడ్డంగా 10 వస్తాయి. ఫోన్ చూసి వేయకండి, తెర వెలుగు రంగుల్ని మోసం చేస్తుంది. ప్రింటు తీయించుకోండి.

ముదురు గోధుమరంగు బర్న్ట్ అంబర్‌ని టర్పెంటైన్‌లో పల్చగా కలిపి కాన్వాసంతా రుద్ది, గుడ్డతో తుడిచేయండి. తెల్ల కాన్వాస్ మీద ఏ రంగు పెట్టినా ముదురుగా కనిపిస్తుంది. భయపడి లేతగా వేసుకుంటూ పోతారు, చివరికి బొమ్మంతా వెలవెలబోతుంది.

ఇక గొర్రెలు. నా బాధంతా ఇక్కడే. చేతికి బ్రష్ రాగానే టైటానియం వైట్ పిండి ఒక్కో గొర్రెనూ వేయడం మొదలెడతారు. బాబూ, ఆ బొమ్మలో వెలుగు వెనక నుంచి వస్తోంది. అన్నిటికన్నా తెల్లనిది ఆకాశం. తెలుపంతా గొర్రెలకే పోస్తే ఆకాశానికేం మిగిలింది? కళ్లు సగం మూసి చూడండి, మందంతా ఒకే మచ్చ. గోధుమరంగు రా అంబర్, నీలం అల్ట్రామెరీన్, చిటికెడు తెలుపు కలిపి 10వ నంబరు హాగ్ (పంది వెంట్రుకల) బ్రష్‌తో ఆ మచ్చే వేయండి. వీపుల మీద వెలుగు గీత చివర్లో, తెలుపులో మట్టి పసుపు ఎల్లో ఓకర్ కలిపి. కాళ్లు లెక్కపెట్టొద్దు, గడ్డి నీడలో కలిసిపోనివ్వండి.

కోతలయ్యాక మన చేలల్లో మంద కట్టిస్తారుగా, వాటిని చూసి దిద్దుకుంటామంటారా? కుదరదు. నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకే. డొక్కా వెన్నూ కత్తితో గీసినట్టు తెలుస్తాయి. ఉన్ని గొర్రెకు అంత గట్టి అంచుండదు. రంగు తడిగా ఉండగానే పొడి బ్రష్‌తో అంచును నేపథ్యంలోకి ఒక్కసారి లాగండి. మళ్లీ మళ్లీ లాగితే బురదే.

తడి అంటే గుర్తొచ్చింది. లిన్‌సీడ్ నూనె, అంటే రంగుల్లో కలిసుండే అవిసె నూనె, నీళ్లలా ఆవిరై ఆరదు, గాలిలో ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడుతుంది. అందుకే కింద పొరకు టర్పెంటైన్, పైకి వెళ్లేకొద్దీ నూనె. తిరగేశారా, పైపొర ముందు బిగిసి, కింద పొర కదులుతూ ఉంటే పగుళ్లిస్తుంది. కింద పొరలో ఐవరీ బ్లాక్ అనే నలుపు అసలొద్దు, ఆరడానికి చాలా రోజులు పడుతుంది. మన ముసుర్లలో ఇంకా ఆలస్యం. అలాగని బీరువాలో పెట్టకండి, చీకట్లో నూనె పసుపెక్కుతుంది, కాన్వాస్ వెనక బూజు పడుతుంది. వార్నిష్ ఆరు నెలలు ఆగాకే.

టైమైందని సైగ చేస్తున్నారు, సరే. ఆ మూల ఈజిల్ కింద ఉండచుట్టి పడేసిన నూనె గుడ్డలు ఎవరివి? లిన్‌సీడ్ నూనె గుడ్డ కుప్పగా ఉంటే లోపల వేడెక్కి దానంతటదే అంటుకుంటుంది. ముందు అవి తీసి బయట దండెం మీద విప్పి ఆరేయండి, ప్రశ్నలు తర్వాత అడుగుదురుగాని.