డమ్‌డమ్‌లో కాపు కాసిన గ్నాట్లు

శ్రోతలకు నమస్కారం.

1971 యుద్ధం అనగానే మన తెలుగువాళ్లకు ముందుగా గుర్తొచ్చేది విశాఖ తీరం, అక్కడ మునిగిపోయిన గాజీ జలాంతర్గామి. ఆ తర్వాత ఢాకాలో లొంగుబాటు పత్రం మీద సంతకాలు చేస్తున్న ఫొటో. ఆ యుద్ధం అధికారికంగా డిసెంబరు 3న మొదలైంది. దానికి 11 రోజుల ముందే, యుద్ధం ప్రకటించకుండానే, బెంగాల్ సరిహద్దు మీద ఆకాశంలో ఒక పోరు జరిగింది. మొత్తం మూడు నిమిషాల వ్యవహారం. ఆ పోరు చేసింది గ్నాట్ అనే చిన్న యుద్ధవిమానాలు నడిపే మన వాయుసేన 22వ స్క్వాడ్రన్, అంటే 22వ విమాన దళం. ఆ మూడు నిమిషాల గురించి మాట్లాడేవాళ్లు నలుగురు పైలట్ల పేర్లు చెప్పి ఆగిపోతారు. నాకేమో వాళ్లను అక్కడిదాకా చేర్చినవాళ్ల గురించి కూడా చెప్పాలనిపిస్తుంది.

మన వాయుసేనకు జెట్ విమానాలు స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే వచ్చాయి. 1948లో మొదటి వాంపైర్ జెట్లు వచ్చాయి, వాటిని 7వ స్క్వాడ్రన్ నడిపింది. ఆ తర్వాత పదేళ్లలో ప్రపంచమంతటా యుద్ధవిమానాల బరువు, వేగం, ధర మూడూ ఏటేటా పెరుగుతూ పోయాయి. ఇంగ్లండ్‌లో పెట్టర్ అనే డిజైనర్‌కు ఇది నచ్చలేదు. చిన్నగా, తేలిగ్గా, చవగ్గా ఉండే ఫైటర్ చేస్తే పేద దేశాలు కూడా కొనుక్కోగలవు కదా అని ఆయన ఆలోచన. అలా పుట్టిందే గ్నాట్. 1955 జులైలో మొదటిసారి ఎగిరింది. బ్రిటిష్ వాయుసేన దాన్ని ఫైటర్‌గా తీసుకోలేదు, శిక్షణకు మాత్రం వాడుకుంది. మనవాళ్లు 1956లోనే ఒప్పందం చేసుకుని, బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారంలో తయారీకి దిగారు.

గ్నాట్ ఎంత చిన్నదంటే, ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకు ఏడు మీటర్లు కూడా ఉండదు. పాకిస్తాన్ దగ్గరున్న అమెరికన్ సేబర్‌కు పదకొండు మీటర్ల పైనే. గ్నాట్ ఎంత కిందికి ఉంటుందంటే, మెకానిక్కులు నిచ్చెన లేకుండా నేల మీద నిలబడే చాలా పనులు చేసుకునేవారు. గాలిలో అంత చిన్న విమానం ఎదుటివాడి కంటికి ఆనదు. అదే దాని బలం. బలహీనతలూ తక్కువేం కాదు. రెండు 30 మిల్లీమీటర్ల తుపాకులు ఉండేవి, అవి సరిగ్గా అవసరమైన వేళ జామ్ అయ్యేవి. హైడ్రాలిక్ కంట్రోల్స్ మొరాయించేవి. అన్నిటికన్నా పెద్ద లోటు, శత్రువును దూరం నుంచే పసిగట్టే రాడార్ దానికి లేదు. అంటే నేల మీద ఎవరో ఒకరు చూసి, ఎటు పోవాలో చెబితే తప్ప గ్నాట్ పైలట్‌కు దారి లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, కథంతా దీని మీదే నడుస్తుంది.

తూర్పు వైపు గగనతల రక్షణ ఎంత అవసరమో 1965లోనే తెలిసొచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 7న ఢాకా నుంచి వచ్చిన సేబర్లు కలైకుండా స్థావరం మీద పడి, నేల మీదున్న మన విమానాలను తగలబెట్టాయి. కలైకుండా ఖరగ్‌పూర్ పక్కనే ఉంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఖరగ్‌పూర్‌లో మనవాళ్లు ఎంతమంది స్థిరపడ్డారో మీకు తెలుసు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి వర్క్‌షాపు పనికని వెళ్లిన కుటుంబాలు అవి. ఆ రోజు సేబర్లు రెండోసారి వచ్చినప్పుడు మాత్రం మన హంటర్ యుద్ధవిమానాలు గాలిలో ఎదురు నిలిచాయి. ఆల్ఫ్రెడ్ కుక్ అనే పైలట్ ఆ పరిసరాల్లోనే ఒక సేబర్‌ను కూల్చారు.

ఆ మరుసటి ఏడాది, 1966 అక్టోబరులో, గ్నాట్లతో 22వ స్క్వాడ్రన్ ఏర్పడింది. 'స్విఫ్ట్స్' అని దాని పేరు. 1971 నాటికి అది కలైకుండాలో ఉంది. అందులోంచి కొన్ని గ్నాట్లను కలకత్తా డమ్‌డమ్ విమానాశ్రయంలో కాపలాకు పెట్టారు.

అప్పటి దాని కమాండర్ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. వింగ్ కమాండర్ బ్రిజ్‌పాల్ సింగ్ సికంద్. 1965 సెప్టెంబరు 3న పశ్చిమ సరిహద్దులో జరిగిన పోరులో ఆయన గ్నాట్ మిగతావాటి నుంచి విడిపోయింది. చివరికి పాకిస్తాన్‌లోని పస్రూర్ అనే చోట దిగాల్సొచ్చింది. ఆయన యుద్ధఖైదీ అయ్యారు. ఆ విమానం ఇప్పటికీ కరాచీలోని వాయుసేన మ్యూజియంలో ఉంది. అలాంటి అనుభవం తర్వాత ఒక మనిషిని పక్కన పెట్టేయడం ఏ వ్యవస్థకైనా సులువైన పని. మన వాయుసేన ఆ పని చేయలేదు. ఆరేళ్లు తిరిగేసరికి అదే గ్నాట్లున్న స్క్వాడ్రన్‌ను ఆయన చేతిలో పెట్టింది. వాయుసేన చేసిన మంచి నిర్ణయాల్లో ఇదొకటని నా గట్టి నమ్మకం.

ఇక 1971 నవంబరు. తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షలాది శరణార్థులు బెంగాల్‌లోకి వచ్చి ఉన్నారు. సరిహద్దు వెంట బెంగాలీల విముక్తి దళమైన ముక్తివాహినితో కలిసి మన సైన్యం కదులుతోంది. 21న గరీబ్‌పూర్ దగ్గర మన పదాతిదళం, పీటీ-76 ట్యాంకులు కలిసి పాకిస్తాన్ ట్యాంకుల దాడిని తిప్పికొట్టాయి. దాంతో పాకిస్తాన్ తన సైన్యానికి సాయంగా ఢాకాలోని సేబర్లను రంగంలోకి దించింది. తూర్పున వాళ్లకున్న సేబర్ స్క్వాడ్రన్ ఒక్కటే, 14వది. 1965లో కలైకుండా మీద పడింది కూడా అదే.

22న పొద్దున్న ఎనిమిది దాటాక సేబర్లు వచ్చాయి. డమ్‌డమ్ నుంచి గ్నాట్లు లేచాయి. అక్కడికి చేరేలోపు సేబర్లు వెనక్కి వెళ్లిపోయాయి. పదిన్నర ప్రాంతంలో మళ్లీ వచ్చాయి. మళ్లీ గ్నాట్లు లేచాయి, మళ్లీ అందలేదు. చరిత్ర రాసేవాళ్లు ఈ రెండు సార్ల గురించి ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు పోతారు. ఒక్క క్షణం ఆ పైలట్ల స్థానంలో ఉండి చూడండి. ఇరుకైన కాక్‌పిట్, బెల్టులు బిగించుకున్న ఒళ్లు, హెల్మెట్‌లో రేడియో గరగర, ఎప్పుడు పిలుపొస్తుందో తెలియని టెన్షన్. పిలుపొచ్చాక పరుగు. తీరా వెళ్తే ఖాళీ ఆకాశం. దిగొచ్చాక మెకానిక్కులు ఇంధనం నింపి, తుపాకులు సరిచూసి, విమానాన్ని మళ్లీ సిద్ధం చేయాలి. అదీ ఒకసారి కాదు, రెండుసార్లు. మూడోసారి కూడా అంతే చురుగ్గా లేచారంటే ఆ స్క్వాడ్రన్ శిక్షణ ఎలాంటిదో అక్కడే తెలుస్తుంది.

మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలకు రాడార్ మళ్లీ సేబర్లను పట్టింది. రాడార్ తెర ముందు ఉన్నది ఫ్లయింగ్ ఆఫీసర్ కె.బి. బాగ్చీ. సేబర్లు నేల మీది లక్ష్యాల మీద కాల్పులు జరిపి పైకి లేస్తున్నాయి, మళ్లీ కిందికి దూకుతున్నాయి. అలా లేచినప్పుడే రాడార్‌కు బాగా చిక్కుతాయి. మూడు నిమిషాలు గడిచేసరికి నాలుగు గ్నాట్లు గాలిలో ఉన్నాయి. ముందు ఫ్లయిట్ లెఫ్టినెంట్ రాయ్ మాసీ, ఆయన వెంట ఫ్లయింగ్ ఆఫీసర్ సోరెస్. రెండో జతలో ఫ్లయిట్ లెఫ్టినెంట్ ఎం.ఎ. గణపతి, ఫ్లయింగ్ ఆఫీసర్ డాన్ లాజరస్. నలుగురూ తక్కువ ఎత్తులో దూసుకుపోతున్నారు. వాళ్లకు కళ్లూ చెవులూ బాగ్చీ గొంతే. ఏ దిక్కుకు తిరగాలి, శత్రువు ఎంత దూరంలో ఉన్నాడు, ఎంత ఎత్తులో ఉన్నాడు, అన్నీ ఆయనే చెబుతున్నారు. ఆయన చెప్పినట్టే బొయ్‌రా అనే చోట సేబర్లు కంటబడ్డాయి.

సేబర్ పైలట్లు కింద ఉన్న సైన్యం మీద దృష్టి పెట్టి ఉన్నారు. గ్నాట్లను చూసేసరికి ఆలస్యమైపోయింది. తప్పించుకోబోయి ఒక సేబర్ సూటిగా రెండో జత ముందుకే వచ్చింది. గణపతి, లాజరస్ ఆ అవకాశాన్ని వదల్లేదు. ఇద్దరూ చెరో సేబర్‌ను కూల్చారు. లాజరస్ ఎంత దగ్గర్నుంచి కాల్చారంటే, పేలిన సేబర్ ముక్కలు వచ్చి ఆయన విమానం ముక్కుకే తగిలాయి. ఇటు మాసీ మూడో సేబర్ వెంట పడ్డారు. మొదటి కాల్పు గురి తప్పింది. తుపాకీ జామ్ అయింది. మిగిలిన తుపాకీతోనే మళ్లీ కాల్చి దాని రెక్కను దెబ్బతీశారు. సేబర్ పొగలు కక్కుకుంటూ తూర్పుకు మళ్లింది. తరుముతూ పోయిన మాసీ, సరిహద్దు దాటేశానని గమనించి వెనక్కి తిరిగారు.

అప్పట్లో మూడు సేబర్లూ కూలాయని ప్రకటించారు. మూడోది దెబ్బలతోనే ఢాకా చేరి దిగిందని తర్వాత తేలింది. కాబట్టి కూలినవి రెండు. దీనివల్ల మాసీ చేసిన పని చిన్నదైపోదు. నిజం ఉన్నదున్నట్టు చెబితేనే ఆ పైలట్ల మీద మనకు గౌరవం ఉన్నట్టు.

కూలిన రెండు సేబర్ల పైలట్లూ పారాషూట్లతో మన వైపే దిగారు. వాళ్లలో ఒకరు ఫ్లయిట్ లెఫ్టినెంట్ పర్వేజ్ మెహదీ ఖురేషీ. కోపంతో ఉన్న మన సైనికులు ఆయన్ను కొట్టబోతుంటే, 4వ సిఖ్ బెటాలియన్‌కు చెందిన కెప్టెన్ పనాగ్ పరుగున వెళ్లి ఆపారు. చేతికి చిక్కినవాడి మీద చెయ్యి చేసుకోకూడదన్నది యుద్ధనీతి. తర్వాతి కాలంలో పనాగ్ లెఫ్టినెంట్ జనరల్ అయ్యారు, ఖురేషీ పాకిస్తాన్ వాయుసేనాధిపతి అయ్యారు.

రక్షణ మంత్రి జగ్జీవన్ రామ్ వచ్చి మన పైలట్ల మెడలో దండలు వేశారు. మాసీ, గణపతి, లాజరస్‌లకు వీరచక్ర వచ్చింది. పతకాల లెక్క అలాగే ఉంటుంది, కాల్చినవాడి పేరు ముందు నిలుస్తుంది. నా వరకు ఆ రోజు విజయంలో బాగ్చీ వాటా ఏ పైలట్ వాటాకూ తీసిపోదు. ఆయన లెక్క కొంచెం తప్పినా, మూడోసారి కూడా వాళ్లకు కనిపించేది ఖాళీ ఆకాశమే.

పోరు జరిగిన మర్నాడు పాకిస్తాన్‌లో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. డిసెంబరులో యుద్ధం మొదలయ్యాక, 6వ తేదీన మన 28వ స్క్వాడ్రన్ మిగ్-21లు ఢాకా దగ్గరి తేజ్‌గావ్ రన్‌వేను గుంటలు పడేలా బాంబులేశాయి. సేబర్లు ఇక లేవలేకపోయాయి. కలకత్తా మీద వైమానిక దాడి జరుగుతుందన్న భయం అంతటితో తీరింది. 22వ స్క్వాడ్రన్ ఆ తర్వాత చాలాకాలం నడిచి, చివర్లో హాసిమారాలో మిగ్-27లతో పనిచేసింది. 2017 డిసెంబరులో ఆ విమానాలు అక్కడ విరమించాయి.

1997లో ఖురేషీ వాయుసేనాధిపతి అయినప్పుడు, డాన్ లాజరస్ ఆయనకు అభినందనలు చెబుతూ ఉత్తరం రాశారు. ఖురేషీ జవాబిచ్చారు. ఆ రోజు మీ పైలట్లు బాగా పోరాడారని అందులో మెచ్చుకున్నారు.

నమస్కారం.