రాలేదని రాసేముందు ఒకసారి వెళ్ళి చూడండి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇప్పటికే ముగ్గురు చదివారు, నేనూ మొదలుపెడితే నాకిచ్చిన టైములో సగం అక్కడే అయిపోతుంది, అందుకని అందరికీ కలిపి ఒకటే దండం. నిర్వాహకులు నాకిచ్చిన టాపిక్ "మానసిక అనారోగ్యం ఉన్న నేరస్థుల పునరావాసం: సవాళ్లు, అవకాశాలు". ఇలాంటి టైటిల్ మీద ఇదివరకు చాలాసార్లే మాట్లాడాను. ఎప్పుడూ సవాళ్ల దగ్గరే బెల్లు కొట్టేస్తారు, అవకాశాల వరకు రానేరాం. ఇవాళ అలా వద్దు. ముందు వరసల్లో రేపోమాపో ఉద్యోగాల్లో చేరబోయే సోషల్ వర్క్ పిల్లలున్నారు, వెనక పోలీసుల నుంచి, కోర్టు నుంచి వచ్చినవాళ్ళున్నారు. మీరంతా ఒకేచోట దొరకడం మామూలు విషయం కాదు కాబట్టి టాపిక్ పక్కన పెట్టి ఒక్క మనిషి గురించే మాట్లాడతాను. అపాయింట్‌మెంట్‌కి రానివాడి గురించి.

మీలో కొత్తవాళ్ళ కోసం ముందు కొంచెం చెప్పాలి. తప్పు చేశాడు, కేసయింది, జబ్బుందని డాక్టరు తేల్చారు. కోర్టు జైల్లో పెట్టకుండానో, కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంచాకో షరతుల మీద బయటికి పంపింది. షరతులు ఎక్కడైనా దాదాపు ఒకేలా ఉంటాయి. ఫలానా రోజుల్లో వచ్చి కనపడాలి, సంతకం పెట్టాలి, మందులు వాడాలి, తాగకూడదు, చెప్పకుండా ఇల్లు మారకూడదు. బాగానే ఉంది. ఇప్పుడు ఆ మనిషి మొదటి తారీఖున రాలేదు, ఫైల్లో "రాలేదు" అని పడింది. రెండోసారీ రాలేదు, "సహకరించడం లేదు" అని పడింది. మూడోసారికి రిపోర్టు, తర్వాత వారంట్. ఈ మధ్యలో అతను ఎవర్నీ కొట్టలేదు, ఎవరి సొమ్మూ తీయలేదు. రాలేదు, అంతే. దానికే మళ్ళీ లోపలికి.

ఇది నా ఊహ అనుకోకండి. జబ్బున్నవాళ్ళు ప్రొబేషన్‌లో, అంటే ఇలా షరతుల మీద బయట ఉన్నప్పుడు, ఎందుకు ఫెయిలవుతారని అమెరికాలో జెన్నిఫర్ స్కీమ్ అనే పరిశోధకురాలు, ఆమెతో పనిచేసినవాళ్ళు ఏళ్ళ తరబడి చూశారు. వీళ్ళు వెనక్కి పోయేది ఎక్కువగా కొత్త నేరం వల్ల కాదు, షరతు తప్పినందుకు. ఆఫీసరు బెదిరింపుల మీదే నడిపితే ఫలితం చెడింది, గట్టిగా ఉంటూనే న్యాయంగా, ఆదరంగా ఉన్నచోట బాగుపడింది. ఇందులో బ్రహ్మవిద్య ఏముంది అంటారేమో. ఏమీ లేదు. అయినా ఎన్ని ఆఫీసుల్లో జరుగుతోంది?

నాకు బాగా తెలిసిన ఒక కేసు చెప్తాను. పేరు చెప్పను, అతను ఇప్పుడు పనిచేసుకుని బతుకుతున్నాడు. స్కిజోఫ్రీనియా, అంటే లేని మాటలు వినిపించే, లేనిపోని అనుమానాలు పుట్టించే జబ్బు. అది ముదిరిన రోజుల్లో పక్కింటాయన మీద రాయి విసిరాడు, తలకి కుట్లు పడ్డాయి. షరతుల మీద బయటికొచ్చాక ఒక ఆఫీసులో నెల నెలా కనపడాలి. ఆ ఆఫీసు ఏదో అడక్కండి. నేను ఆ ఫైలు అందుకునేసరికి వరసగా "రాలేదు, రాలేదు, రాలేదు" అని ఉంది, వారంట్ కోరుతూ కోర్టుకి పంపే కాగితం కూడా తయారుగా ఉంది. సరే, సంతకం పెట్టే ముందు ఒకసారి కనుక్కుందామని గేటు దగ్గర వాచ్‌మన్‌ని అడిగాను. ఆయన ఏమన్నాడో వినండి. "ఆ అబ్బాయా మేడమ్? ప్రతినెలా వస్తాడుగా. అదిగో ఆ గోడవారనే నిలబడతాడు. చాలాసేపు నిలబడి వెళ్ళిపోతాడు."

నేను వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి నా ముందు పెట్టింది. ప్రతి అపాయింట్‌మెంట్ చీటీ అందులో ఉంది, తారీఖుల వారీగా, మడత నలగకుండా. తను వచ్చిన రోజున చీటీ వెనకాల పెన్సిల్‌తో టైము వేసుకున్నాడు. తొమ్మిదీ పది. తొమ్మిదీ ఐదు. ఒకదాని మీద ఎనిమిదీ యాభై. మరి లోపలికెందుకు రాలేదు నాయనా అంటే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. లోపల బెంచీ మీద సరిగ్గా తల పైన కెమెరా ఉంది, పైగా తనని మొదటిసారి పట్టుకొచ్చి కూర్చోబెట్టింది కూడా ఆ వరండాలోనే. ఇంకోటి కూడా చెప్పాడు, అది వింటే నాకు తల కొట్టేసినట్టయింది. ఇంజెక్షన్ వేసిన తర్వాత కొన్నాళ్ళు కాళ్ళు ఒకచోట ఆగవట, కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే నడవాలనిపిస్తుంది. అక్కడ అలా తిరుగుతుంటే "కూర్చోవయ్యా, ఏంటా పొగరు" అని కేకలేశారట.

పిల్లలూ, ఇది రాసుకోండి. ఆ కాళ్ళు ఆగకపోవడం పొగరు కాదు, మందు వల్ల వచ్చేది, డాక్టర్లు దాన్ని అకథీసియా అంటారు. హాలోపెరిడాల్ లాంటి పాత మందుల్లో బాగా కనిపిస్తుంది. డోసు మార్చొచ్చు, మందు మార్చొచ్చు, తగ్గించడానికి వేరే మాత్రలూ ఉన్నాయి. అంటే అది అయిదు నిమిషాల్లో డాక్టరు చెవిన వేయాల్సిన సంగతి. దాన్ని క్రమశిక్షణ సమస్యగా ఫైల్లో ఎక్కించారు. అలాగే చాలా మందులతో పొద్దున మత్తుగా ఉంటుంది, మనిషి లేవలేడు. మనం అపాయింట్‌మెంట్ ఎప్పుడిస్తాం? పొద్దున తొమ్మిదింటికి. ఎందుకంటే మనకి అదే వీలు.

ఆ తర్వాత ఏమైందంటే పెద్ద కథేం లేదు. వారంట్ ఆగింది, మందు మారింది, కొన్ని నెలలు అతన్ని లోపలికి రమ్మనకుండా గేటు బయటే నిలబడి, నడుస్తూ మాట్లాడాం. రూల్సు ఒప్పుకుంటాయా అని ఒకాయన అడిగారు. వచ్చి కనపడాలి అనే ఉంది కానీ బెంచీ మీదే కూర్చోవాలని ఎక్కడుంది?

రూల్సంటే గుర్తొచ్చింది, ఇది టాపిక్‌లో లేదు కానీ చెప్పకుండా ఉండలేను. అసలు ఈ ప్రొబేషన్ మొదలుపెట్టింది జడ్జీ కాదు, పోలీసు కాదు. బోస్టన్‌లో బూట్లు కుట్టుకునే జాన్ అగస్టస్. 1841లో ఒకరోజు కోర్టులో కూర్చుని ఉంటే తాగుబోతు కేసు ఒకటి వచ్చింది. ఆ మనిషితో మాట్లాడి, ఇతనికి నేను పూచీ అని తనే విడిపించుకుని తీసుకెళ్ళాడు. మూడు వారాల తర్వాత ఇద్దరూ కోర్టుకి వస్తే ఆ మనిషిని ఎవరూ గుర్తుపట్టలేకపోయారు. జడ్జి వేసిన జరిమానా ఒక సెంటు, ఖర్చులు అదనం. అగస్టస్ ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళపాటు దాదాపు రెండువేల మందికి అలాగే పూచీ పడ్డాడు, జీతం లేదు, పైగా వ్యాపారం దెబ్బతింది. ఆయన చేసినదేంటి? మనిషితో పాటు వెళ్ళాడు, పని చూపించాడు, మళ్ళీ కోర్టుకి తనే వెంటబెట్టుకొచ్చాడు. వెంటబెట్టుకొచ్చాడు! ఎందుకు రాలేదని కాగితం పంపలేదు. ఆ పని మీద మసాచుసెట్స్‌లో చట్టం వచ్చింది 1878లో, ఆయన పోయిన దాదాపు ఇరవై ఏళ్ళకి. మొత్తానికి ఆ వెంటబెట్టుకురావడం తీసేసి రిజిస్టరు మాత్రం ఉంచుకున్నాం మనం.

సరే, వెనక వరసలో కొందరు ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. "ఈవిడ జాలి కబుర్లు చెప్తోంది, దెబ్బ తిన్న పక్కింటాయన సంగతేంటి?" న్యాయమైన ప్రశ్నే. ఆ పక్కింటాయన దగ్గరికి కూడా వెళ్ళాను, ఆయన భయం నిజమైన భయం. అతను ఎప్పుడు వస్తాడో, మళ్ళీ ఏం చేస్తాడో ఎవరూ చెప్పలేదని ఆయన కోపం. అసలు చాలా కేసుల్లో దెబ్బ తినేది బయటివాళ్ళు కూడా కాదు, ఇంట్లోవాళ్ళు, ముఖ్యంగా అమ్మ. అన్నం పెట్టేదీ ఆవిడే, తలుపు గడియ పెట్టుకుని వణికేదీ ఆవిడే. ఆవిడని వదిలేసి పునరావాసం అని మాట్లాడితే అది అబద్ధం. కానీ ఆవిడకి రక్షణ ఎక్కడినుంచి వస్తుంది? మూడు అపాయింట్‌మెంట్లు పోయేదాకా ఎవరూ గడప తొక్కకపోవడం వల్ల వస్తుందా, మొదటిది పోయిన సాయంత్రమే ఎవరో ఒకరు వెళ్ళి తలుపు తట్టడం వల్ల వస్తుందా? మీరే చెప్పండి.

ఇంకోటి. జబ్బు నయమైతే నేరం దానంతటదే ఆగిపోతుందని మన సోషల్ వర్కర్లకి ఒక నమ్మకం. జబ్బుంటే నేరం తప్పదని జనానికి ఇంకో నమ్మకం. రెండూ తప్పే. 2014లో వచ్చిన ఒక అమెరికా పరిశోధనలో జబ్బున్న 143 మంది చేసిన 429 నేరాల్ని ఒక్కొక్కటిగా తరచి చూశారు. లక్షణాల వల్లే నేరుగా జరిగినవి వందకి ఏడెనిమిది. మిగతావాటి వెనక ఉన్నవి ఎవరి నేరాల వెనకైనా ఉండేవే, తాగుడు, డబ్బుల్లేకపోవడం, కోపం, చెడు సావాసం, ఉండటానికి చోటు లేకపోవడం. 1998లో వచ్చిన మెక్‌ఆర్థర్ అనే ఇంకో అమెరికా పరిశోధనలో, పిట్స్‌బర్గ్ ఊళ్ళో ఆసుపత్రి నుంచి ఇంటికెళ్ళినవాళ్ళని అదే వీధుల్లోని మామూలు జనంతో పోల్చి చూశారు. తాగుడు, మత్తుమందుల అలవాటు లేనివాళ్ళ వరకు తీసుకుంటే హింసలో ఇద్దరికీ తేడా కనపడలేదు. కాబట్టి ఒక్క ఇంజెక్షన్ వేయించి చేతులు దులుపుకుంటే సరిపోదు. తాగుడు మాన్పించే చోటు, తలదాచుకునే గది, చిన్నదో పెద్దదో ఒక పని, ఇవన్నీ మన పనే.

అన్నిటికంటే భయపడాల్సింది బయటికొచ్చిన మొదటి రెండు వారాలు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైన ముప్పైవేల మంది లెక్క తీశారు, 2007లో అచ్చయింది. మొదటి రెండు వారాల్లో వాళ్ళు చనిపోయే ప్రమాదం మామూలు జనం కంటే దాదాపు 13 రెట్లు, అన్నిటికంటే ఎక్కువ చావులు మత్తుమందు ఎక్కువై. అది జైలు నుంచి వచ్చిన అందరి లెక్క, జబ్బున్నవాళ్ళ ఒక్కళ్ళదే కాదు. మరి మనం మొదటి అపాయింట్‌మెంట్ ఎప్పుడిస్తున్నాం? నెల తర్వాత. చేతిలో పెట్టే మాత్రలు ఎన్ని రోజులకి? ఇది మీ మీ ఆఫీసుల్లో మీరే చూసుకోండి, నేను అడిగితే బాగోదు.

రాలేదని శిక్షించడం ఒక వైపు. ఇంకో వైపు, ఎవరూ వెళ్ళి చూడకపోతే ఏమవుతుందో అస్సాంలో మచాంగ్ లాలుంగ్ జీవితం చెప్తుంది. 1951లో పట్టుకున్నారు, అప్పుడాయన వయసు ఇరవై మూడు. మానసిక ఆసుపత్రికి పంపారు. ఆరోగ్యం కుదుటపడిందని 1967లో డాక్టర్లు చెప్పారు, ఇంటికి పంపాల్సింది పోయి మళ్ళీ జైలుకి పంపారు. విచారణే జరగలేదు. 2005లో బయటికొచ్చాడు. యాభై నాలుగేళ్ళు! ఆ తర్వాత రెండేళ్ళకే పోయాడు. అంతకాలంలో ఆ ఫైలు ఎన్ని బల్లల మీద తిరిగి ఉంటుంది, ఎంతమంది సంతకాలు పడి ఉంటాయి చెప్పండి. ఒక్కరు ఇతని ఇంటివాళ్ళెవరు అని లేచి వెళ్ళి ఉంటే చాలు.

పోలీసువాళ్ళకి ఒక మాట. మిమ్మల్ని తిట్టడానికి కాదు. రాత్రి రెండింటికి ఇంటి మీద రాళ్ళు పడుతున్నాయని ఫోనొస్తే వెళ్ళేది మీరే, మేం ఆ టైములో ఫోను కూడా ఎత్తం. 1987లో అమెరికాలోని మెంఫిస్‌లో జబ్బున్న ఒక యువకుడు పోలీసు కాల్పుల్లో చనిపోయాక, ఆ ఊళ్ళో పోలీసులు, డాక్టర్లు, కుటుంబాలవాళ్ళు కలిసి 1988లో ఒక పద్ధతి పెట్టారు. కొందరు పోలీసులకి నలభై గంటల ట్రైనింగ్, మనిషిని తీసుకెళ్తే వెంటనే చేర్చుకునే ఆసుపత్రి. ట్రైనింగ్ సంగతే అందరూ చెప్పుకుంటారు, నా దృష్టిలో అసలు సగం రెండోది. తీసుకెళ్తే గంటల తరబడి బయట కూర్చోబెట్టే ఆసుపత్రి అయితే ఏ కానిస్టేబులైనా లాకప్పే సులువనుకుంటాడు, నేనైనా అంతే అనుకుంటాను.

టైమైందని అధ్యక్షులవారు వాచీ చూపిస్తున్నారు. రెండు నిమిషాలండి.

ఇంటింటికీ తిరగాలంటే ఒక్కొక్కరికి వందేసి ఫైళ్ళుంటే ఎలా అని మీ టెన్షన్. నిజమే, కుదరదు. 1970ల్లో అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో స్టైన్, టెస్ట్ అనే ఇద్దరు ఆసుపత్రి పనంతా మనిషి ఉన్నచోటికే తీసుకెళ్ళే పద్ధతి మొదలుపెట్టారు. ఆ దారిలో నడిచే టీముల్లో ఒక వర్కరుకి పదిమందికి మించకుండా చూస్తారు. మనకి అంత అదృష్టం రేపే రాదు. అందుకని మీరు పోట్లాడాల్సింది ఫైళ్ళ సంఖ్య మీద. జీతం మీద పోట్లాడొద్దనడం లేదు, అదీ పోట్లాడండి, కానీ ఫైళ్ళ సంఖ్య ముందు. పై అధికారి అడిగితే నా పేరు చెప్పండి, నాకు రిటైరయ్యే వయసు వచ్చేసింది, నన్నేం చేస్తారు.

ఈలోపు చేయగలిగింది ఒకటుంది. బయట బల్ల మీద ఒక పేజీ ఫారం కాపీలు పెట్టించాను, తలా ఒకటి పట్టుకెళ్ళండి. మనిషి తేరుకుని బాగున్న రోజున అతని ఎదురుగా కూర్చుని నింపాలి. జబ్బు తిరగబెట్టే ముందు తనకి ముందుగా తెలిసే గుర్తేంటి, నిద్ర పట్టకపోవడమా, టీవీలో తన గురించి మాట్లాడుతున్నారనిపించడమా. రాకపోతే ముందు ఎవరికి ఫోన్ చేయాలి, ఎవరికి చేయకూడదు. ఏ మందు పడదు. ఎక్కడ కలవడం ఇష్టం, ఏ టైములో. ఇంట్లోవాళ్ళకి భయమేస్తే ఎవరి నంబరు. చివరి గడి కొంచెం పెద్దది, అందులో అతను చెప్పింది అతని మాటల్లోనే రాయండి, దాన్ని ఆఫీసు భాషలోకి మార్చకండి. నేను చెప్పిన అబ్బాయి ఆ గడిలో "వీపు వెనక తలుపు ఉండకూడదు" అని రాయించాడు. కింద సంతకం అతనిదీ మీదీ రెండూ ఉండాలి, ఒక కాపీ అతని దగ్గర.

అంతేనండి. ప్రశ్నలుంటే అడగండి. ముందు ఆ వెనక చెయ్యెత్తిన కానిస్టేబుల్ గారు, మైకు అక్కడికి పంపండి.