షుగర్ పడిపోయినప్పుడు ముందు చెయ్యాల్సింది

అందరికీ నమస్కారమండి. వాకింగ్ అయ్యాక ఇళ్ళకి వెళ్ళిపోకుండా ఆగినందుకు చాలా సంతోషం. ఒక్క మాట ముందే చెప్తాను, పొద్దున్నే షుగర్ మాత్ర వేసుకునో ఇన్సులిన్ చేసుకునో ఇంకా టిఫిన్ తినకుండా వచ్చినవాళ్ళు ఎవరన్నా ఉంటే మొహమాటపడకుండా లేచెళ్ళి అక్కడ టేబుల్ మీద ఇడ్లీ ఉంది తినేసి రండి, నేను ఇవాళ మాట్లాడేదంతా దాని గురించే.

నేను ఫార్మసిస్టుని, డాక్టర్ని కాదు. ఎవరికి ఏ మాత్ర ఎంత డోసు అనేది మీ డాక్టర్ గారు చెప్పాల్సిందే. కానీ చాలా ఏళ్ళుగా మెడికల్ షాపు కౌంటర్ దగ్గర నిలబడి చూస్తున్నాను కదా, షుగర్ ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో భయమంతా పెరిగే షుగర్ మీదే ఉంటుంది, పడిపోయే షుగర్ గురించి అడిగేవాళ్ళు చాలా తక్కువ. 250 వచ్చిందని పరిగెత్తుకుని వస్తారు, 58 వచ్చిందంటే "కంట్రోల్ లోకి వచ్చిందండి" అని సంతోషంగా చెప్తారు. అది కంట్రోల్ కాదండి. 250 ఉండి మనిషి మామూలుగా ఉంటే రేపు డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చు, 50 ఉంటే రేపటిదాకా కాదు కదా పక్కింటివాళ్ళని పిలిచేదాకా కూడా ఆగకూడదు, ఆ నిమిషంలో నోట్లో తీపి పడాలి.

లెక్క చెప్తాను గుర్తుపెట్టుకోండి. 70 కన్నా తగ్గితే లో షుగర్. 54 కన్నా తగ్గితే సీరియస్. మీటర్లో నంబర్ ఎంతున్నా సరే మనిషి తనంతట తాను తినలేక తాగలేక పక్కవాళ్ళు పట్టించాల్సి వచ్చిందంటే అది అన్నిటికన్నా సీరియస్.

ఎలా తెలుస్తుంది అంటే మొదట చెమటలు, చేతుల వణుకు, గుండె దడ, ఒక్కసారిగా ఆకలి. అప్పటికీ ఏమీ తినకపోతే మెదడుకి అందాల్సిన గ్లూకోజ్ తగ్గిపోయి చూపు మసకేస్తుంది, మాట తడబడుతుంది, అడిగినదానికి ఇంకేదో చెప్తారు, ఊరికే కోపం వస్తుంది. ఈ కోపం ఒకటి ఇంట్లోవాళ్ళు అస్సలు పట్టించుకోరు. ఒకరోజు పదకొండు దాటాక మా షాపుకి ఒక పెద్దాయన వచ్చారు, మందుల చీటీ ఇవ్వడానికి బదులు బ్యాంకు పాస్ బుక్ ఇచ్చారు, చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది, కూర్చోండి బాబాయ్ గారూ అంటే నన్ను ఎందుకు కూర్చోమంటావ్ అని గట్టిగా అరిచారు, ఎప్పుడూ అంత నెమ్మదిగా మాట్లాడే మనిషి. పక్కనున్నవాళ్ళు ఎండదెబ్బ అన్నారు. వేలు గుచ్చి చూస్తే 46. గ్లూకోజ్ నీళ్ళు తాగించి పదిహేను నిమిషాలకి మళ్ళీ చూస్తే 63, ఇంకోసారి తాగిస్తే 90 దాటింది, అప్పుడు గానీ ఆయనకి తను ఎక్కడున్నాడో అర్థం కాలేదు. సంగతి ఏంటంటే పొద్దున ఏడింటికి మాత్ర వేసుకున్నారు, బ్యాంకులో రష్ లేకుండా పని చూసుకుని వచ్చి తిందాంలే అనుకున్నారు, లైన్లోనే టైం అయిపోయింది.

ఇప్పుడు ఏం చెయ్యాలో చెప్తాను, ఇంట్లో పిల్లలకి కూడా నేర్పండి. మనిషి మెలకువగా ఉండి మింగగలిగితే 15 గ్రాముల తీపి వెంటనే ఇవ్వాలి, అంటే మూడు టీస్పూన్ల పంచదార నీళ్ళల్లో కలిపి, లేకపోతే మూడు నాలుగు టీస్పూన్ల గ్లూకోజ్ పౌడర్, లేదా అరగ్లాసు పైచిలుకు పళ్ళరసమో మామూలు కూల్ డ్రింకో. పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ చెక్ చెయ్యాలి, ఇంకా 70 లోపే ఉంటే మళ్ళీ అంతే ఇవ్వాలి. మీటర్ లేదనో స్ట్రిప్స్ అయిపోయాయనో ఆగొద్దు, అనుమానం వస్తే తీపి ఇచ్చెయ్యండి, ఆ మూడు స్పూన్ల వల్ల షుగర్ కాస్త పెరిగినా కొంపలేం మునిగిపోవు. తేరుకున్నాక అక్కడితో వదిలెయ్యకుండా, భోజనానికి ఇంకా టైం ఉంటే రెండు ఇడ్లీలో అరటిపండో కాస్త పెరుగన్నమో తినాలి, లేకపోతే గంటలో మళ్ళీ పడిపోవచ్చు.

లడ్డూ పెట్టాం, చాక్లెట్ ఇచ్చాం, పాలు తాగించాం అంటారు చాలామంది. వాటిలో నెయ్యి, కొవ్వు ఉంటాయి కాబట్టి తీపి రక్తంలోకి ఎక్కడానికి టైం పడుతుంది, అవి తర్వాత తినొచ్చు, ముందు కాదు. ఇంకొకటి, కొన్ని ఇళ్ళల్లో షుగర్ ఉందని పంచదార డబ్బానే తీసేసి షుగర్ ఫ్రీ బిళ్ళలు పెట్టుకుంటారు, డైట్ కూల్ డ్రింకులు తెచ్చుకుంటారు, అవి లో షుగర్ కి అస్సలు పనికిరావు, వాటిలో పెంచే గుణమే లేదు.

దీని కన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది, డాక్టర్ దగ్గర హడావుడిలో ఇది అడగడం కుదరదు. మనలో చాలామంది వేసుకునేది ఒకే మాత్రలో మూడు మందులు కలిపింది, గ్లిమెపిరైడ్, మెట్ ఫార్మిన్, వోగ్లిబోజ్. ఈ వోగ్లిబోజ్ పేగుల్లో పంచదారని త్వరగా విడగొట్టనివ్వదు. కాబట్టి ఆ మాత్ర వేసుకునేవాళ్ళకి షుగర్ పడిపోతే పంచదార నీళ్ళు నెమ్మదిగా పనిచేస్తాయి, వాళ్ళకి గ్లూకోజ్ పౌడరే కావాలి. ఇంటికెళ్ళి మీ మాత్ర అట్ట వెనకాల చూడండి, వోగ్లిబోజ్ గానీ అకార్బోజ్ గానీ ఉంటే ఇవాళే ఒక గ్లూకోజ్ ప్యాకెట్ కొని ఇంట్లో ఒకచోట, జేబులోకో హ్యాండ్ బ్యాగ్ లోకో చిన్న పొట్లం పెట్టుకోండి. మా షాపులోనే కొనక్కర్లేదు, ఎక్కడైనా దొరుకుతుంది.

స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పొయ్యొద్దండి. నీళ్ళు కాదు, పంచదార కాదు, ఏదీ కాదు. ప్రేమతోనే పోస్తారు, కానీ అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఇంకో ప్రమాదం. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, 108 కి ఫోన్ చెయ్యండి, షుగర్ పేషెంట్ అని, ఏం మందులు వాడతారో మొదటి మాటలోనే చెప్పండి, మందుల కవర్ వాళ్ళకి ఇవ్వండి. ఒక్కోసారి లో షుగర్ లో కూడా ఒక పక్క చెయ్యి కాలు పడిపోయినట్టు అవుతుంది, పక్షవాతం అనుకుంటారు, అందుకే 108 వాళ్ళు రాగానే షుగర్ చూడమని అడగండి.

ఇక ఎందుకు పడిపోతుంది అనేదానికి వద్దాం. మెట్ ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకి ఇలా అవ్వడం చాలా అరుదు. ఇన్సులిన్ వాడేవాళ్ళకి, ఇంకా గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెంక్లమైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళకి అవుతుంది, ఎందుకంటే మనం తిన్నామా లేదా అని ఆ మాత్ర చూడదు, క్లోమం నుంచి ఇన్సులిన్ ని పిండుతూనే ఉంటుంది. కిడ్నీ పనితనం తగ్గినవాళ్ళల్లో ఇవి ఒంట్లోంచి త్వరగా పోవు, గ్లిబెంక్లమైడ్ అయితే మరీ. అందుకే ఈ మాత్రల వల్ల బాగా పడిపోయినవాళ్ళని గ్లూకోజ్ సెలైన్ ఎక్కించి లేపాక కూడా హాస్పిటల్లో ఒకరోజు దాకా ఉంచుతారు, లేచి కూర్చున్నారు కదా అని గంటలో ఇంటికి తీసుకొచ్చేస్తే రాత్రికి మళ్ళీ పడిపోవచ్చు.

కార్తీక సోమవారాలు, ఏకాదశి, శివరాత్రి, రంజాన్ రోజాలు, దీక్షల్లో ఒంటిపూట భోజనం, ఇవేవీ మానెయ్యమని నేను చెప్పను, అది మీ భక్తి. కానీ మొదలుపెట్టడానికి ముందే డాక్టర్ గారిని కలిసి ఆ రోజుల్లో ఏ మాత్ర ఎప్పుడు, ఎంత తగ్గించాలి అని అడగండి. ఉపవాసంలో 70 కన్నా తగ్గితే ఉపవాసం విడిచెయ్యాలి, నక్షత్రాలు కనపడేదాకా ఆగితే ప్రాణం మీదకి వస్తుంది. పెళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడు కూడా అంతే, వడ్డన మొదలైంది అని కళ్ళతో చూశాకే ఇన్సులిన్ చేసుకోండి. వాంతులు విరేచనాలు పట్టుకుని అన్నం సరిగ్గా తినలేని రోజు మాత్ర ఎప్పటిలాగే వేసెయ్యొద్దు, ఫోన్ చేసి అడగండి. ఎప్పుడూ లేనిది పొలంలో పొద్దంతా పని చేసినా పడిపోతుంది. మందు తాగే అలవాటున్న మగవాళ్ళకి ఒకటి చెప్పాలి, ఖాళీ కడుపుతో తాగితే లివర్ గ్లూకోజ్ తయారుచెయ్యడం ఆపేస్తుంది, తెల్లవారుజామున పడిపోతారు, ఇంట్లోవాళ్ళేమో మత్తులో ఉన్నాడనుకుని వదిలేస్తారు. యాంటీబయాటిక్ రాసినప్పుడు కూడా షుగర్ మాత్రలు వాడుతున్నాం అని చెప్పండి, లెవోఫ్లాక్సాసిన్ లాంటి కొన్నిటితో షుగర్ పడిపోయే అవకాశం ఉంది.

సిరంజి విషయం కాస్త దగ్గరగా వచ్చి చూడండి, రెండూ తెచ్చాను. ఇది ఎర్ర క్యాప్, దీని మీద 40 అని ఉంటుంది. ఇది ఆరెంజ్ క్యాప్, 100 అని ఉంటుంది. ఇన్సులిన్ సీసా మీద కూడా 40 అనో 100 అనో రాసి ఉంటుంది, అంటే ఒక మిల్లీలీటరు మందులో అన్ని యూనిట్లు ఉన్నాయని, రెండు నంబర్లూ ఒకటే ఉండాలి. పెన్నులో వేసే కార్ట్రిడ్జ్ లో ఉండేది 100 మందు. పెన్ను పాడైందని కొంతమంది ఆ కార్ట్రిడ్జ్ లోంచి ఎర్ర క్యాప్ సిరంజితో లాగుతారు, 10 గీత దాకా లాగాం అనుకుంటారు, ఒంట్లోకి వెళ్ళేది 25 యూనిట్లు. రెండున్నర రెట్లు! షాపులో ఎవరైనా తొందరలో ఏదో ఒకటి ఇచ్చేస్తే తీసుకోకండి, క్యాప్ రంగు చూసి అడిగి తీసుకోండి.

రాత్రి నిద్రలో పడిపోయేది ఇంకా కష్టం. పొద్దున లేచేసరికి దుప్పటి చెమటతో తడిసి ఉండటం, తలనొప్పి, రాత్రంతా పీడకలలు, ఇలా ఉంటే రెండు మూడు రాత్రులు రెండు మూడింటికి అలారం పెట్టుకుని చెక్ చేసి ఆ నంబర్లు డాక్టర్ కి చూపించండి. మాటిమాటికీ పడిపోయేవాళ్ళకి మెల్లగా ఆ చెమట, వణుకు రావడమే మానేస్తాయి, తిన్నగా మాట తడబడటమే మొదటి గుర్తు అవుతుంది. బీపీకి గుండెకి వాడే బీటా బ్లాకర్ మాత్రలు కూడా దడని, వణుకుని కప్పేస్తాయి, చెమట మాత్రం పడుతుంది. ఇలాంటివాళ్ళు బండి తీసేముందు చెక్ చేసుకోవాలి. దారిలో తేడాగా అనిపిస్తే పక్కన ఆపి తీపి తిని, తేరుకున్నాక ఇంకో ముప్పావు గంట ఆగి బయల్దేరాలి.

దీనికి ఇంకోవైపు కూడా ఉంది. ఏళ్ళ తరబడి 300 దగ్గర ఉన్నవాళ్ళకి షుగర్ 120 కి వచ్చినా వణుకు వస్తుంది, శరీరానికి అలవాటు లేక. అప్పుడు మీటర్ లో చూసి 120 అని తెలిస్తే ధైర్యంగా ఉండొచ్చు, పంచదార తినక్కర్లేదు, కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

డెబ్భై దాటిన మా అమ్మానాన్నలకి కూడా 6 లోపు రావాలి అని పట్టుపట్టే పిల్లలున్నారు, మూణ్ణెల్ల షుగర్ టెస్ట్ హెచ్ బీ ఏ1సీ గురించి చెప్తున్నాను. అమెరికా, కెనడాల్లో అకార్డ్ అని పదివేల మందికి పైగా పేషెంట్లతో ఒక పెద్ద పరిశోధన జరిగింది, ఒక గుంపులో దాన్ని 6 కన్నా తగ్గించాలని గట్టిగా మందులు వాడారు. ఆ గుంపులో మరణాలు ఎక్కువ కనపడటంతో 2008 లో ఆ గట్టి వైద్యం ముందే ఆపేశారు. మరణాలకి లో షుగరే కారణం అని తేల్చలేదు, కానీ సీరియస్ గా షుగర్ పడిపోవడం ఆ గుంపులో దాదాపు మూడు రెట్లు ఉంది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకి, కిడ్నీ గుండె జబ్బులు ఉన్నవాళ్ళకి 8 లోపు ఉన్నా చాలని డాక్టర్లే అంటున్నారు. కాబట్టి మీ అమ్మగారికి ఎంత ఉండాలో పక్కింటావిడ రిపోర్ట్ చూసి కాదు, ఆవిడ డాక్టర్ నే అడగండి.

ఒకసారి పడిపోయి లేచాక మర్చిపోకండి. ఆ రోజు తేదీ, టైం, నంబర్, అంతకు ముందు ఏం తిన్నారు, మాత్ర ఎప్పుడు వేసుకున్నారు, మీటర్ డబ్బాలో పెట్టుకునే చిన్న పుస్తకంలో రాయండి. వారంలో రెండోసారి అయితే అపాయింట్ మెంట్ దాకా ఆగకుండా ఫోన్ చెయ్యండి, చాలాసార్లు మాత్ర డోసు తగ్గిస్తేనో మందు మారిస్తేనో ఆగిపోతుంది. భయపడి మీ అంతట మీరే అన్ని మాత్రలూ మానెయ్యొద్దు.

నేను తొమ్మిదింటిదాకా ఇక్కడే ఉంటాను. మాత్రల అట్టలు, ఇన్సులిన్ సీసాలు తెచ్చుకున్నవాళ్ళు ముందు రండి, వోగ్లిబోజ్ ఉందో లేదో, సిరంజి సరైనదో కాదో ఒక్కొక్కరికీ చూసి చెప్తాను. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళని ముందు పంపించండి.